ఖాళీ డబ్బా తుడిచే ఉద్యోగం

‘‘మీవాడు ఏం చేస్తాడండీ?’’ అని పెనుగొండలో ఎవరడిగినా నాన్న చెప్పే జవాబు ఒకటే. ‘‘గుజరాత్‌లో ఖాళీ డబ్బా తుడుస్తాడండీ, ఆయ్!’’ ఎగతాళికి అనేవాడు కాదు. నేను చెప్పినదాంట్లో ఆయనకి అర్థమైంది అంత. నిజం చెప్పాలంటే అందులో అబద్ధమూ లేదు.

కాకినాడలో డిప్లొమా చేసి 1988లో గాంధీనగర్ పక్కన భాట్ అనే ఊళ్లో ఉన్న ప్లాస్మా పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌గా చేరాను. సబర్మతి ఒడ్డున ఉంటుంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీలో 1982లో ఒక కార్యక్రమంగా మొదలై, 1986లో వేరు కాపురం పెట్టింది. ప్రొఫెసర్ ప్రధిమన్ కౌ దాన్ని పెంచి పెద్దచేశారు. నేను వెళ్లేసరికి ‘ఆదిత్య’ని బిగిస్తున్నారు. మన దేశంలోనే డిజైన్ చేసి కట్టిన మొదటి టోకమాక్ అది. 1989లో పని మొదలెట్టింది.

టోకమాక్ అంటే కంగారుపడకండి. గారెని తలుచుకోండి. మధ్యలో చిల్లున్న గారె, లోపల బోలుగా, స్టీలుతో చేశారనుకోండి. చుట్టూ ఇరవై పెద్ద పెద్ద రాగి చుట్లు. అవి అయస్కాంతాలు. లోపల రవ్వంత హైడ్రోజన్ వదిలి దానిలోంచి కరెంటు పంపితే అది లక్షల డిగ్రీలు వేడెక్కి ప్లాస్మా అవుతుంది. ఆ వేడికి ఏ లోహమూ నిలవదు. అందుకే గోడకి తగలకుండా అయస్కాంతాలు దాన్ని గాల్లో పట్టి ఉంచాలి. ఇంకా వేడెక్కించి పది కోట్ల డిగ్రీలు దాటిస్తే డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిసిపోయి శక్తిని విడుదల చేస్తాయి. సూర్యుడు వెలిగేది ఇలాంటి కలయికతోనే. ఆదిత్య అంతదాకా వెళ్లే యంత్రం కాదు. ప్లాస్మాని పట్టుకోవడమెలాగో నేర్చుకునే బడి.

నా పని ఆ గారె లోపలి గాలి తీసేయడం. వాక్యూమ్ విభాగం. బయటుండే గాలిలో వేల కోట్ల వంతుకి పడిపోయేదాకా పంపులతో లాగుతూనే ఉండాలి. ఎందుకంత పట్టుదల అంటే, లోపల వెలిగే ప్లాస్మా మొత్తం బరువు ఒక ఇసుక రేణువంత కూడా ఉండదు. అందులోకి కాస్త ఆక్సిజనో, తేమో, నూనె జిడ్డో చేరిందంటే వేడంతా అది తాగేస్తుంది. ప్లాస్మా ఆరిపోతుంది. ఈ ప్లాంటు పేలిపోతుందేమోనని భయపడేవాళ్లకి నేనిదే చెబుతాను. దీన్ని వెలిగించడం కష్టం గానీ ఆర్పడం ఎంతసేపు!

లోపలికి వెళ్లే ప్రతి వస్తువునీ తుడిచి, తొడుగులేసుకున్న చేతుల్తోనే పట్టుకుంటాం. ఉత్తి వేలు ఆనితే ఆ వేలిముద్రలోని జిడ్డు వారాల తరబడి ఆవిరొదులుతుంది. తీసుకెళ్లిన స్పానర్లని రిజిస్టర్లో రాసి, బయటికొచ్చాక లెక్క చూసుకుంటాం. ఫ్లాంజి బోల్టులు వరసగా బిగించకూడదు, ఎదురెదురువి బిగిస్తూ పోవాలి. మధ్యలో పెట్టే రాగి రింగు ఒక్కసారికే పనికొస్తుంది. విప్పితే తుక్కే. అలాంటి రింగుల గురించి చెబితే అమ్మ ‘‘కుండ కింద కుదురుకి బావుంటుంది, ఓటి పట్రారా’’ అంది. తుక్కైనా సర్కారు తుక్కు కదా, తేలేదు.

ఇక లీకు వెతకడం. నా బుర్ర బాగా పనిచేసేది అక్కడే. రబ్బరు రింగు కింద తలవెంట్రుక పడినా చాలు, గాలి దూరడానికి. పంపు దగ్గర హీలియాన్ని మాత్రమే పసిగట్టే మీటరు పెడతాం. బయటి నుంచి ఒక్కో అతుకు మీదా సన్నగా హీలియం చల్లుతూ పోతాం. ముల్లు కదిలిందా, దొంగ దొరికినట్టే. హీలియం తేలిక కాబట్టి పైకి పోతుంది. అందుకని పైనుంచి కిందికి వెతకాలి. కింద మొదలెడితే పై అతుకు చేసిన తప్పు కింది అతుకు నెత్తిన పడుతుంది. అసలు లీకే లేకుండా లీకులా కనిపించేవీ ఉంటాయి. బోల్టు రంధ్రం అడుగున ఇరుక్కున్న గాలి చిన్నగా బయటికొస్తుంటుంది. ఎంత హీలియం చల్లినా ముల్లు కదలదు. అందుకే లోపల వాడే బోల్టులకి నడిమధ్యన సన్నటి చిల్లు వేస్తారు.

నాన్న మా ఊరి రైసుమిల్లులో డ్రైవరు. మిల్లు డ్రైవరంటే బండి నడిపేవాడు కాదు, మిల్లు నడిపేవాడు. ఏ బెల్టు జారుతోందో, ఏ బేరింగు అరుస్తోందో నిద్రలో ఉండి చెప్పేవాడు. 1994లో సంక్రాంతి వెళ్లాక విజయవాడలో నవజీవన్ ఎక్కి నా దగ్గరికొచ్చాడు. సందర్శకులని రానిచ్చే రోజున కంట్రోల్ రూముకి తీసుకెళ్లాను.

యంత్రమున్న హాల్లోంచి అందరూ బయటికొచ్చేశారు. ఎక్స్ కిరణాలు పుడతాయి కాబట్టి ప్రయోగం వేళ లోపల ఎవరూ ఉండకూడదు. తలుపు మూయకపోతే యంత్రం ముందుకు కదలదు. సైరన్ మోగింది. అంకెలు వెనక్కి లెక్కపెట్టారు. గోడవతల నుంచి ‘ధబ్’మన్న చప్పుడు. తెరమీద గులాబీరంగు మెరుపు. సెకనులో పదో వంతు. లక్ష ఆంపియర్లకి అటూ ఇటూ కరెంటు ఆ ప్లాస్మాలో పారింది.

‘‘అయిపోయిందా?’’ అన్నాడు నాన్న.

‘‘అయిపోయింది. మళ్లీ పావుగంటకి ఇంకోటి’’.

‘‘కరెంటేదిరా?’’

రాదన్నాను. వాడుకోవడమే తప్ప ఇచ్చేది లేదన్నాను. కాసేపు ఊరుకుని, ‘‘మా మిల్లు ఆగితే కళ్లంలో ధాన్యం మొలకొస్తుంది. మీది ఆగితే ఏమవుతుంది?’’ అనడిగాడు. ‘‘ఏమీ కాదు నాన్నా, బాగుచేసుకుని మళ్లీ మొదలెడతాం’’ అన్నాను. ఆయన మొహం చూడాలి. కొడుకు చేసే పని ఆగిపోయినా ఎవరికీ ఏమీ కాదని తెలిసిన తండ్రి మొహం అది. తిరుగు ప్రయాణంలో స్టేషన్లో రైలెక్కేదాకా దాని ఊసెత్తలేదు.

నా దగ్గర మంచి జవాబు లేకపోలేదు. వేసవిలో మన కాలువలు కట్టేస్తారు కదా. నీళ్లు పారేటప్పుడు కాలువ పని ఎవరికీ కనబడదు. కట్టేశాకే పూడిక తీయడం, గట్లు, తలుపులు బాగుచేయడం. మా యంత్రానికి ఏడాదిలో చాలా భాగం అలాంటి కట్టివేతే. షాట్లు వేసిన రోజుల్లో కూడా రాత్రుళ్లు లోపల సన్నటి మెరుపు వెలిగించి గోడలకంటిన తేమని వదిలిస్తాం. ఆ పోలిక నాకు తట్టేసరికి నాన్న లేడు.

తర్వాత మా సంస్థలోనే ఎస్‌ఎస్‌టి-1 అనే పెద్ద యంత్రం వచ్చింది. దాని అయస్కాంతాలు ద్రవ హీలియంలో మైనస్ 268 డిగ్రీల చలిలో ఉండాలి. తొలి ప్లాస్మా 2013లో వెలిగింది. పాత ఆదిత్యని విప్పి, పలకల గొట్టంలాంటి పాత్ర తీసేసి గుండ్రటిది పెట్టాం. 2016లో ‘ఆదిత్య-యు’గా మళ్లీ లేచింది. పాత పాత్రని క్రేను పైకెత్తుతుంటే చూడబుద్ధి కాలేదు. ఇరవై ఆరేళ్లు తుడిచిన డబ్బా మరి!

అసలు విషయం, కరెంటెప్పుడు అని? 1955లో జెనీవాలో హోమీ భాభా రెండు దశాబ్దాల్లో వస్తుందన్నారు. ఆ లెక్కన నా చిన్నప్పుడే వచ్చి ఉండాలి. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని వెస్ట్ యంత్రం ప్లాస్మాని 1,337 సెకన్లు ఆపింది. ఆ దేశంలోనే ఏడు భాగస్వాములు కలిసి కడుతున్న ఇటర్‌లో మనమూ ఉన్నాం. దాన్ని కప్పే ముప్పై మీటర్ల ఉక్కు పాత్ర మన హజీరాలో తయారై ముక్కలుగా వెళ్లింది. అక్కడా చల్లదనం కోసం వేసిన సన్నటి గొట్టాల్లో పగుళ్లు కనిపించాయి. అన్నీ విప్పి బాగుచేయాల్సొచ్చింది. పేపర్లో అది చదివి నాకు నవ్వొచ్చింది, దిగులూ వేసింది. ఆ పగుళ్ల దగ్గర కూచున్న కుర్రాళ్లెవరో గానీ వాళ్ల రాత్రుళ్లు నాకు తెలుసు. ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నాయి. 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం అక్కడ ప్రయోగాలు మొదలయ్యేది 2034లో, డ్యుటీరియం, ట్రిటియం మండించేది 2039లో. అదీ కరెంటు ఇవ్వడానికి కాదు, ఇవ్వగలమని చూపడానికి.

నేను 2022లో రిటైరై పెనుగొండ వచ్చేశాను. నాన్న పనిచేసిన మిల్లు ఇప్పుడు లేదు. భాట్ నుంచి నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. పిల్లలెలా ఉన్నారని అడగబోయి, ‘‘ప్రెజరెంతుందిరా?’’ అంటాను. అతను అంకె చెబుతాడు. బాగుంటే బాగుందంటాను. బాగోకపోతే, పైనుంచి కిందికి వెతకమంటాను.