నడిరేయి గల్లాపెట్టెవద్ద

డల్లాసు నగరమునందలి ఓక్ క్లిఫ్ పేటలో 1927లో ఒక మంచుగడ్డల కంపెనీ ఉద్యోగి, ఐసు కొనవచ్చువారికి పాలు, రొట్టె, గ్రుడ్లు కూడ అమ్మినచో బాగుండునని తలచి మొదలుపెట్టిన చిల్లర బేరమే కాలక్రమమున శాఖోపశాఖలుగా విస్తరించి, ఉదయము ఏడింటినుండి రాత్రి పదునొకండు వరకు తెరచియుండు దుకాణముగా 1946లో సెవెన్ ఇలెవెన్ అను పేరు ధరించినది. ఆ పదునొకండు గంటల హద్దు చెరిగిపోయినదియు ఈ టెక్సాసు రాష్ట్రమునందే. 1963లో ఆస్టిన్ నగరమున ఫుట్‌బాల్ ఆట జరిగిన రాత్రి జనము తండోపతండములుగా వచ్చిపడుటచే అచటి దుకాణమును తెల్లవార్లు మూయలేదట. నాటి బేరమును చూచిన యజమానులకు రాత్రులు తలుపు వేయుట దండుగయని తోచినది. దీపములారని దుకాణము క్రమముగా అమెరికా జీవనమున ఒక భాగమైపోయినది. ఆ దీపముల క్రింద ఒంటరిగా నిలుచున్నవాని క్షేమము మాట మాత్రము ఆనాడెవరును ఎత్తినట్లు లేదు.

నేడు ఎత్తవలసినవారము మనమే. ఇర్వింగు, ఫ్రిస్కో, ప్లేనో మున్నగు డల్లాసు పరిసరములలో తెలుగు వినబడని వీధి లేదని గర్వముగా చెప్పుకొందుము గాని, మన సభలును సావనీరులును సాఫ్ట్‌వేరు కంపెనీల అద్దాల మేడలలోని తెలుగువారిని గూర్చియే మాటాడును. పెట్రోలు బంకును అంటియుండు చిల్లర దుకాణమున రాత్రియంతయు జాగరము చేయు తెలుగు విద్యార్థి ఎవరికిని పట్టడు. కొలంబసు, చికాగో, డల్లాసు నగరముల పేర్లు ఇటీవలి సంవత్సరములలో మన పత్రికలలో ఎట్టి వార్తలతో కలిసి వచ్చినవో పాఠకులెరుగుదురు: బంకులోనో దుకాణములోనో కాల్పులు, పై చదువులకు వచ్చిన యువకుని మరణము, తల్లిదండ్రుల రోదనము, భౌతికకాయమును స్వగ్రామమునకు చేర్చుటకై చందాలు. ఆ చందాలకు మనవారు ఉదారముగనే ఇత్తురు. ఆ మరణమునకు ముందు గడచిన రాత్రులను గూర్చి మాత్రము ఆలోచింపరు.

మా యింటికి చేరువనున్న అట్టి దుకాణమొకదానిలో కరీంనగరు వైపు యువకుడొకడు, ఎమ్మెస్ చదువుచు, రాత్రి షిఫ్టు చేసెడివాడు. పాలకో, తలనొప్పి మాత్రకో పొద్దుపోయి వెళ్ళినపుడెల్ల అతనితో నాలుగు మాటలాడుట అలవాటగుటచే ఆ దుకాణపు అమరిక నాకు బాగుగ పరిచయమైనది. వీధివైపు అద్దములను బీరు ధరలు, లాటరీ బహుమానముల అంకెలు, సిగరెట్టు ప్రకటనలు నిలువెల్ల కప్పియుండుటచే, రోడ్డున పోవు పోలీసు కారులోనివారికి లోపలివాడు క్షేమముగా నున్నాడో లేదో కానరాదు. ద్వారబంధమునకు రంగుల కొలబద్ద యొకటి అంటించియున్నది. పారిపోవువాని యెత్తు గుర్తించుటకట. కౌంటరు క్రింద ఉక్కు సేఫు, దానిలోనికి నోట్లు జారవిడుచుటకు సన్నని చీలిక. తాళపుచెవి యజమాని యొద్దనే యుండును. అన్నిటికంటె ప్రమాదకరమైన చోటు వెనుకనున్న వాకిన్ కూలరు. అరలలో బీరు సీసాలు తరిగినకొలది వెనుకనుండి నింపు పని రాత్రివానిదే గదా. ఆ చలిగదిలో మోటారు మ్రోతకు తలుపుగంట వినబడదు, వెలుపలికి వచ్చునప్పటికి కౌంటరు ముందు ఎవడు నిలిచియున్నాడో, వాని చేయి చొక్కా క్రింద ఏల ఉన్నదో ముందుగా తెలియు మార్గము లేదు. “కెమెరాలు ఎనిమిదున్నయ్ అంకుల్,” అని అతడొకనాడు నవ్వుచు అనెను. “అండ్ల ఒక్కటి గూడ నన్ను కాపాడది. నన్ను కాల్చినోణ్ణి మాత్రం మంచిగ చూపెడ్తది.”

ఆ యువకుని కంటె ముందుగనే ఈ సంగతి దొంగలు చెప్పియున్నారు. 1970లలో ఆ సెవెన్ ఇలెవెన్ సంస్థయే దక్షిణ కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకుల తోడ్పాటుతో, జైలుశిక్ష అనుభవించి వచ్చిన పూర్వపు దోపిడీగాండ్రను పిలిపించి, ఎట్టి దుకాణముపై కన్నువేయుదురు, ఎట్టిదానిని వదలిపోవుదురు అని అడిగి తెలిసికొన్నది. గల్లాలో ఎంత సొమ్ము దొరకును, ఎంత సులువుగా పారిపోవచ్చును అను రెంటిమీదనే ముఖ్యముగా వారి దృష్టి. కెమెరాకు వారంతగా వెరవరు. ఆ సమాధానములను బట్టి కొన్ని దుకాణములలో అద్దములమీది కాగితములు పీకివేసి, గల్లాను వీధికి కనబడుచోట నిలిపి, వెలుపల దీపకాంతిని హెచ్చించి, నగదు కొద్దిగనే యుంచి, వచ్చిన ప్రతివానిని కన్నులలో చూచి పలుకరింపవలెనని గుమాస్తాలకు నేర్పి, మార్పులు చేయని దుకాణములతో పోల్చి చూడగా దోపిడీలు తగ్గినవి. వీనిలో తలకు మించిన ఖర్చేదియు లేదు. బీరు కంపెనీవాని కాగితమును అద్దమునుండి ఊడదీయుటకు ఏమి ఖర్చగును?

ఖర్చుతో కూడిన ఉపాయమొకటి కలదు. అది రెండవ మనిషి. ఫ్లారిడాలోని గెయిన్స్‌విల్ నగరమున, పోలీసు అధిపతి వేలండ్ క్లిఫ్టన్ పట్టుబట్టుటచే, రాత్రివేళ ఇద్దరు గుమాస్తాలు తప్పనిసరియను నిబంధన 1987లో అమలునకు వచ్చినది. దోపిడీలు గణనీయముగా తగ్గినవి. ఆ తగ్గుదల అదే కాలమున కొందరు దొంగలు పట్టుబడుటవలన కలిగినదే గాని రెండవ గుమాస్తా మహిమ కాదని దుకాణదారుల పక్షమువారు వాదించిరి. ఆ వాదములో కొంత నిజముండవచ్చును. కాని రెండవవానికి జీతమీయవలసినవారు చేయు వాదమగుటచే దానిని తరుగు తీసి తూచవలెను. 1990ల ఆరంభమున ఫ్లారిడా రాష్ట్రమంతటికిని శాసనమొకటి వచ్చినది. మునుపు దోపిడీ, హత్య వంటి ఘోరము జరిగిన దుకాణమున రాత్రి పదునొకండు మొదలు తెల్లవారుజామున ఐదు వరకు ఇద్దరు పనివారైన ఉండవలెను, లేదా గుండ్లనాపు అద్దపుగది యుండవలెను, లేదా కావలివాడుండవలెను, అదియు కాదేని తలుపులు బిగించి కిటికీగుండ అమ్మవలెను అని దాని సారాంశము. యజమానియో అతని కుటుంబమువారో ఆ వేళ పనిచేయు దుకాణములకు మాత్రము అది వర్తింపదు. వలసవచ్చిన కుటుంబముల భార్యాబిడ్డలకు గుండు తగులదని శాసనకర్తలు విశ్వసించిరి కాబోలు! కేంద్రప్రభుత్వపు కార్మికరక్షణ శాఖయగు ఓషా 1998లో రాత్రి దుకాణములకొరకు వివరమైన సూచనలనే ప్రచురించినది గాని, అవి సూచనలే. పాటింపనివానికి శిక్ష లేదు. మా డల్లాసు నగరనిబంధనలు కెమెరాలను, అలారమును, సేఫును, కాగితములు కప్పని అద్దములను కోరును. రెండవ మనిషి ఊసెత్తవు.

ఎందుకెత్తవో, ఆ కరీంనగరు యువకుడు పనిచేసిన దుకాణపు యజమానిని అడిగితిని. ఆయనయు తెలుగువాడే, కష్టపడి పైకి వచ్చినవాడు, దుర్మార్గుడు కాడు. “పెట్రోలు మీద మిగిలేది పైసల్లోనండీ. రాత్రి బేరం రెండో మనిషి జీతానికే సరిపోదు,” అనెను. టెక్సాసులో కనీస వేతనము గంటకు 7.25 డాలర్లు, పదునొకండు మొదలు ఐదు వరకు ఆరు గంటలకు 43 డాలర్లన్నర. వాస్తవమున ఇంకను కొంత ఎక్కువ ఈయవలసివచ్చునేమో. ఆ మాత్రపు వ్యయమునకే కుంగిపోవు బేరమైనచో, లాభమని ఆయన లెక్కించుకొనునది ఒక మనిషి ప్రాణభయమునకు ధర కట్టకపోవుటచే మిగిలిన సొమ్మే యగును. అట్టి బేరమును రాత్రివేళ మూసివేయుట నష్టము కాదు.

మన విద్యార్థుల స్థితి ఇంతకంటె దయనీయము. విద్యార్థి వీసాపై వచ్చినవాడు చదువు సాగుచున్న దినములలో వారమునకు ఇరువది గంటలు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే పనిచేయవచ్చును. అనుమతి లేనిదే బయటి దుకాణమున నిలుచుట నిషిద్ధము. అప్పుచేసి కట్టిన ఫీజు, నెలనెల అద్దె అతనిని ‘క్యాష్ జాబ్’ అని వారు పిలుచుకొను పనిలోనికి నెట్టును. పేరు పుస్తకములలో ఎక్కదు. జీతము కవరులో వచ్చును. తుపాకి చూపి బెదరించిపోయినవానిని గూర్చి పోలీసులకు చెప్పినచో తన వీసాకు ముప్పు వచ్చునని భయపడి నోరుమూసికొనును, ఆ మౌనమునే నమ్ముకొని మరునాడు యజమాని అతనిని మరల ఒంటరిగనే నిలుపును. పనిలో గాయపడినవారికి పరిహారపు బీమా సైతము టెక్సాసులో ప్రైవేటు యజమానులకు తప్పనిసరి కాదు. నియమమును మీరిన విద్యార్థిని నేను సమర్థింపను. అయినను, ఆ ఉల్లంఘనమునుండి లాభము పొందువాడు ఒకడు, గుండుకు ఎదురు నిలుచువాడు మరొకడు అగుట నాకు సహింపరాకున్నది.

తుపాకి చూపినవానికి సొమ్మిచ్చివేయుము, ఎదిరింపకుము అని గుమాస్తాలకు నేర్పుదురు. మంచి పాఠమే. కాని 2001 సెప్టెంబరులో, న్యూయార్కు ఘాతుకము జరిగిన కొలదిదినములకే, ఈ డల్లాసులోనే ఒక బంకు దుకాణమున పనిచేయుచున్న బంగ్లాదేశీయుడు రయీస్ భుయాన్ ఆ పాఠమును తు.చ. తప్పక పాటించి నోట్లు కౌంటరుపై పెట్టెను. వచ్చినవానికి సొమ్ము అక్కరలేదు, ముస్లిముగా తోచిన మనిషి ప్రాణము కావలెను. ముఖమున గుండ్లు తగిలి ఒక కంటిచూపు పోయినను బ్రతికిన భుయాన్, తరువాత, ఇతరులను చంపిన ఆ హంతకునకు మరణశిక్ష వలదని న్యాయస్థానములచుట్టు తిరిగిన మహామనస్వి. 2011లో ఆ శిక్ష అమలైనది.

దుకాణములు గల తెలుగు సోదరులారా, అద్దములమీది కాగితములు ఈ రాత్రియే తీసివేయుడు. కూలరు నింపు పనిని పగటివానికి అప్పగింపుడు. పదునొకండు దాటిన పిమ్మట రెండవ మనిషినైన నిలుపుడు, లేదా తలుపు బిగించి కిటికీలోనుండి అమ్ముడు. రెండును చేతకానిచో దుకాణము మూసి మీ పనివానిని ఇంటికి పంపుడు. స్వదేశమున నున్న తల్లిదండ్రులారా, ఫోనులో అన్నము తిన్నావా అని అడిగిన తరువాత, రాత్రివేళ పనిలో నీ ప్రక్కన ఎవరుందురని కూడ అడుగుడు. ఎవరును లేరని చెప్పినచో, ఆ పని మానుమని మీరే చెప్పుడు.