ఇంటికప్పు – ఇల్లాలు



ఇంటిలోని బియ్యము, పప్పు, చింతపండు ఎన్నాళ్లకు వచ్చునో మనకు తెలియును. ఏ పెట్టె యడుగున ఏ చీర యున్నదో చీకటిలోనైనను చెప్పగలము. కాని మన తలలపైనున్న కప్పు ఏ స్థితిలో నున్నదని యెవరైన నడిగినచో, "అది మగవారి పని" యని యూరకుందుము. కప్పు కారినపుడు గిన్నెలు పెట్టునది మనము. తడిసిన పరుపులు ఆరవేయునది మనము. గోడలు చెమ్మగిల్లి పిల్లలు దగ్గుచుండ రాత్రులు మేల్కొనునది మనము. అట్టి యెడ దానిని ముందుగా చూచుకొనుట మాత్రము మనది కాకపోవు టెట్లు?

మేము విశాఖపట్టణమున కాపురముండువారము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఇచ్చటనే తీరము దాటినది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన యా గాలికి విమానాశ్రయపు పైకప్పే దెబ్బతిన్నదన, సామాన్యుల పెంకుటిండ్ల మాట చెప్పనేల? రేకులు కాగితములవలె నెగిరినవి. చెట్లు కూకటివ్రేళ్లతో పడినవి. మా డాబామీది నీళ్లతొట్టి వీధిలో పడినది. దీపములు లేక, మంచినీళ్లు చాలక దినములు గడపితిమి.

మా ప్రక్కయింటి అత్తయ్యగారు భర్త పోయిన పిదప తమ పెంకుటింటినే నమ్ముకొని యున్నవారు. ముందరి గదులు అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో కాలము గడుపుచుండిరి. తుపాను మరునాడు మేము పోయి చూచుసరికి కప్పు సగము లేదు. వాసముల నడుమ ఆకాశము కనబడుచుండెను. అయినను ఆమె ధైర్యముగనే, "అమ్మాయీ, మీ మామయ్యగారు బీమా కట్టియున్నారు, భయము లేదులే" యనిరి. ట్రంకుపెట్టెలోని కాగితములు తీసి మేమే చదివితిమి. ఇంటిమీద అప్పిచ్చిన బ్యాంకువారు అప్పు తీరువఱకు బీమా యుండవలెనని కోరియుండిరి. అప్పు తీరినది, బీమా గడువును దానితోనే ముగిసినది. ఆపై దానిని మరల కట్టినవారు లేరు. "ఉన్నదనుకొంటిని గదమ్మా!" యన్న యామె మాట నేటికిని మా చెవులలో నున్నది. తుదకు మెడలోని గొలుసు అమ్మి కప్పు వేయించుకొనిరి.

ఆ వీధిలోనే మఱియొకరికి బీమా యుండెను. గాలికి లేచిపోయిన రేకులకు సొమ్ము వచ్చినది గాని, పడకగది శ్లాబునుండి కారు నీటికి రాలేదు. చూడవచ్చిన సర్వేయరు గోడమీది నల్లని చారలు చూపి, "ఇవి నిన్నటి తుపానువి కావు, ఎన్నో వానకాలములవి" యనెను. మాట కఠినమైనను న్యాయమే. బీమా హఠాత్తుగ వచ్చిపడిన యాపదకే గాని, ఏండ్లతరబడి జరిగిన యుపేక్షకు గాదు. కావున పాలసీని మఱవక కట్టుటయు, కప్పును ఏటేట చూచుకొనుటయు రెండును కావలెను. ఒకటి రెండవదానికి బదులు కానేరదు.

మేము ఏటేట రోహిణికార్తె ముగియకమునుపే డాబా యెక్కి చూతుము. తూములలోని యాకులు తీయింతుము. పిట్టగోడ మూలలలో రావిమొలక కనబడినచో వేరుతో తీయింతుము. పైపైన త్రుంచిన చాలదు, మిగిలిన వేరు పగులును పెద్దది చేయును. నీరు నిలుచు చోట్లను సుద్దతో గుర్తించి వాలు సరిచేయింతుము. సన్నని పగులే గదాయని విడువరాదు. దానినుండి దిగిన నీరు లోని యినుపచువ్వలకు త్రుప్పు పట్టించును. త్రుప్పుపట్టిన యినుము ఉబ్బును. ఆ యుబ్బునకు కాంక్రీటు పెచ్చులుగా నూడిపడును. పెంకుటిండ్లవారు పగిలిన పెంకులు మార్పించుటతో బాటు, దూలములకు వాసములకు చెదలు పట్టినదేమో తట్టి చూడవలెను. పని ముగిసిన పిదప ఫోనుతో ఛాయాచిత్రములు తీసి, రసీదులు దాచుకొనుట మంచిది. రేపు నష్టము కలిగినచో, కప్పు అంతకుముందు బాగుండెననుటకు అవియే సాక్ష్యము.

ఇక బీమా సంగతి. హైదరాబాదునందలి బీమా నియంత్రణ సంస్థవారి యుత్తరువుచే 2021 ఏప్రిలు 1వ తేదీనుండి "భారత్ గృహరక్ష" అను ఒకే తీరు పాలసీ వాడుకలోనికి వచ్చినది. అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపము మున్నగునవి అందు చేరియున్నవి. ఇంటికి బీమా చేసినచో, ఆ మొత్తములో నూటికి 20 వంతుల మేరకు, 10 లక్షల రూపాయలు మించకుండ, లోని సామానులకును రక్షణ లభించును. నగలకు మాత్రము వేఱుగ కోరి చేర్పించుకొనవలెను. మొత్తము నిర్ణయించునపుడు స్థలము ఖరీదు లెక్కకు రాదు. ఇల్లు మరల కట్టుటకగు ఖర్చే లెక్క. అద్దెయింటివారు తమ సామానులకు మాత్రమే చేసికొనవచ్చును. నష్టము కలిగిన వెంటనే కంపెనీవారికి తెలుపవలెను. వాన లోనికి రాకుండ టార్పాలిను కప్పుకొనవచ్చును గాని, సర్వేయరు చూచువఱకు విరిగిన పెంకులు, రేకులు పారవేయరాదు.

మా యింట పాలసీ సంఖ్యయు, గడువు తేదీయు, కంపెనీవారి ఫోను సంఖ్యయు పాలపద్దు వ్రాయు పుస్తకపు మొదటి పుటలోనే వ్రాసికొంటిమి. ఆడపిల్లలకును చూపితిమి. ఇంటి యజమానుడు ఊర లేనినాడైనను తుపాను రావచ్చును గదా! సోదరీమణులారా, మీరును నేడే ఇంటివారి నడిగి ఆ కాగితము నొకసారి చేత బట్టి చదువుడు. గడువు దాటియున్నచో వానకాలము రాకమునుపే కట్టింపుడు.