మేడ మీది గది

చాలా రోజుల తరువాత మళ్ళీ మీ ముందుకు వస్తున్నాను. పోతన గురించో పాల్కురికి సోమన గురించో రాస్తాననుకొని ఉంటారు. ఈసారి కిరాయి ఇంటి గురించి రాయవలసి వచ్చింది. సోమన కూడా మధ్యలో వస్తాడు. ఆయనను నేను పిలువలేదు, తానే వచ్చాడు.

2025 వేసవిలో ఒకనాడు నా పూర్వవిద్యార్థి ఫోను చేశాడు. మహబూబాబాదు, మా నోట ఇప్పటికీ మానుకోటే, దాని దగ్గరి తండా వాడు. 1990లో నా తరగతిలో కూర్చొని యతికీ ప్రాసకూ తేడా తెలియక తికమకపడినవాడు. "సార్, మా బిడ్డ డాక్టరయింది. జనగామల ఏడాది పని చేయాలె. ఇల్లొకటి చూసిపెట్టుండ్రి" అన్నాడు. అదెంత పని అన్నాను.

ఆ అమ్మాయికి ఇక్కడ ప్రభుత్వ సీటు కొద్దిలో తప్పింది. ప్రైవేటు కళాశాల ఫీజు ఆ ఇంటి ఊహకు కూడా అందనిది. తండ్రి రెండెకరాలు అమ్మి 2018లో కిర్గిజ్‌స్తాన్ పంపించాడు. 2024లో చదువు ముగించి వచ్చింది. వచ్చినంత మాత్రాన సరిపోదు. విదేశాలలో వైద్యం చదివినవారు మన దేశంలో స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కాలి. 2002 నుంచి ఉన్న పరీక్ష అది. 300 మార్కులకు 150 రావాలి. నెగ్గేవారి కంటే తప్పేవారే ఎక్కువ. ఆమె రెండవ ప్రయత్నంలో నెగ్గింది. ఆపైన ఇక్కడ ఇంటర్న్‌షిప్ పూర్తి చేస్తే గాని శాశ్వత రిజిస్ట్రేషన్ రాదు.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. 2022లో మహబూబాబాదులోనూ, 2023లో జనగామ, భూపాలపల్లులలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పెద్ద జబ్బు చేస్తే వరంగల్లు ఎంజీఎంకు పరుగెత్తిన ఊళ్ళివి. ఇప్పుడు మన అంగట్లో తెల్లకోటు చేతిమీద వేసుకొని కూరగాయలు బేరమాడే పిల్లలు కనబడుతున్నారు. కళాశాలలు తెరుచుకున్నంత తొందరగా మన ఇళ్ళ తలుపులు తెరుచుకోలేదన్న సంగతి ఆ రెండు రోజులలో తెలిసింది.

ఆ అమ్మాయి అడిగినవి మూడే: ఆస్పత్రికి నడిచిపోగల దూరం, నీళ్ళు, రాత్రి వేళ గేటు తీసుకోవడానికి ఒక తాళంచెవి.

మొదటి ఇంట్లో ఆ మూడవదే అడ్డుపడింది. "ఒక్కదానివే ఉంటవా బిడ్డా? రాత్రి డ్యూటీలుంటయా? మా గేటుకు పదింటికి తాళం పడుతది." రోగం గడియారం చూసుకొని రాదు కదా అని నేను నవ్వబోయాను. ఇంటాయన నవ్వలేదు.

రెండవ ఇంటి పెద్దమనిషి "ఏడ చదివినవు?" అన్నాడు. చెప్పింది. "గదేడుంది? ఇక్కడ సీటు రాలేదా?" అన్నాడు. ఇల్లు ఇవ్వలేదు గాని లోపలికి పోయి తన షుగరు రిపోర్టు తెచ్చి చూపించుకున్నాడు. ఆమె నిలబడే ఓపికగా చదివి, పాదాల మంట ఎన్నాళ్ళ నుంచి అని అడిగి, ఉత్తకాళ్ళతో తిరగవద్దని చెప్పింది. ఆ చదువు పనికివస్తుంది, ఆ చదువుకున్న మనిషి మాత్రం పనికిరాదు!

మూడవ ఇంట్లో అన్నీ కుదిరాయి. అడ్వాన్సు కూడా మాట్లాడుకున్నాము. చివరికి ఇంటామె యథాలాపంగా "మీరేమోళ్ళు?" అన్నది. "లంబాడోళ్ళమండీ" అన్నది అమ్మాయి. ఆమె ముఖం ఏమీ మారలేదు. "అయ్యో, మా చుట్టాలు వస్తమన్నరు, మరిచే పోయిన" అన్నది. టులెట్ బోర్డు మరుసటి వారం కూడా అక్కడే వేలాడుతూ ఉంది.

నా సహాధ్యాయి అన్నగారు ఒకాయన వరంగల్లు కాకతీయ మెడికల్ కాలేజీలో చదివి 1970 దశకంలో అమెరికా వెళ్ళాడు. ఫోనులో ఖాళీ ఉన్నదన్న ఇల్లు, ఆయన రంగు చూడగానే నిండిపోయేదట. ఇళ్ళ కిరాయిలో వర్ణవివక్షను నిషేధిస్తూ 1968లోనే అక్కడ చట్టం వచ్చింది. అయినా అలా జరిగింది. ఆ కథ విన్నప్పుడు మేమంతా ఎంత మండిపడ్డామో! మనవాడికి జరిగితే అది అన్యాయం. మన వాకిట్లో జరిగితే చుట్టాలు రావడం.

ఇంతవరకు చెప్పినది ఇతరుల మాట. ఇక నా మాట.

మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. స్నానాలగది ఉంది, మెట్లు బయటినుంచే. అబ్బాయి బెంగళూరు వెళ్ళినప్పటి నుంచి ఖాళీ. రెండవ నాటి రాత్రి మా ఆవిడ అన్నది: "ఊరంతా తిరుగుతున్నరు. మన మీది గది ఉన్నది గదా?" "దసరాకు అబ్బాయి వస్తాడు. పూజలు చేసుకునే ఇల్లు, ఆమె వంటా మన వంటా..." అన్నాను. వాక్యం పూర్తి చేయలేదు. చేయవలసిన అవసరం లేకపోయింది. ఆవిడ కంచాలు తీస్తూ, "మాదర చెన్నయ్య కథ మీరు చెప్తుంటే పిల్లలు కన్నీళ్ళు పెట్టుకునేవారని చెప్పుకుంటరు గదా" అన్నది. అంతే.

పాల్కురికి సోమనాథుని పేరులోని పాలకుర్తి మా జనగామ జిల్లాలోనే ఉంది. బసవపురాణంలో, అంత్యజుడైన చెన్నయ్య ఇంట సాక్షాత్తు శివుడే అంబలి ఆరగిస్తాడు. ముప్పై ఏళ్ళు ఆ కథ పాఠం చెప్పిన నోటితోనే 'ఆమె వంటా మన వంటా' అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1992లో నాకు భూపాలపల్లికి బదిలీ అయింది. సింగరేణి గనుల వల్ల జనం పెరుగుతున్న ఊరు, ఇళ్ళు తక్కువ. అన్నలకూ పోలీసులకూ నడుమ నలిగిన కాలం. కొత్త ముఖమంటే అందరికీ భయం. పెండ్లికాని పంతులుకు గది ఎవరూ ఇవ్వలేదు. మూడు రాత్రులు బడిలోనే బల్లల మీద పడుకున్నాను. నాలుగవ నాడు ఒక బొగ్గుబాయి కార్మికుడు వచ్చి, "పిల్లలకు అక్షరాలు చెప్పే సారు బడిల పండుడేంది?" అని తన రెండు గదులలో ఒకటి ఇచ్చాడు. నాకు జ్వరం వస్తే ఆయన భార్య గటక కాచి ఇచ్చింది. వారు నా కులం అడగలేదు. నేనూ వారిని అడగలేదు. అప్పుడు అవసరం నాది.

తెల్లవారగానే ఆ అమ్మాయికి ఫోను చేశాను. "దొరికింది సార్. స్టాఫ్ నర్సు అక్క ఒకామె తన గదిలో చోటిచ్చింది. మీరు రెండు రోజులు ఎండల తిరిగిండ్రు, అదే చాలు" అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

మొదటి రోజు మా ఇంట్లో చాయ తాగి లేస్తూ ఆమె మేడ మెట్ల వైపు ఒకసారి చూసింది. తండ్రి "ఇల్లొకటి చూసిపెట్టుండ్రి" అన్న మాటకు అసలు అర్థం ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు. నా శిష్యునికి యతిప్రాసలు రాకపోయినా ధ్వని తెలుసు. ధ్వని బోధించిన నాకే అది వినబడలేదు.

తరువాత నేనే ఆమెను అడిగాను, మీ తోటివారిలో ఇల్లు దొరకని వారెవరైనా ఉంటే పంపించమని. ఫిలిప్పీన్స్‌లో చదివి వచ్చిన భూపాలపల్లి కుర్రవాడు ఒకడు వచ్చాడు. మేడ మీది గదిలో ఉంటున్నాడు. గేటు రెండవ తాళంచెవి అతని దగ్గరే ఉంది. ఇంటిపేరు నేను అడగలేదు. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం లేదు. ఇవ్వవలసిన వారికి ఇవ్వవలసిన వేళ ఇవ్వలేకపోయినవాడిని.

మీ ఇళ్ళలోనూ ఖాళీ గదులు ఉండే ఉంటాయి. ఆలోచించగలరు.

సెలవు.