రచ్చకట్ట మీది మాట

నాగలమడికలో పుష్యమాసపు తేరు కదిలిన కాసేపటికే ఫోన్‌లో తీసిన దాని బొమ్మ బెంగళూరు చేరిపోతుంది. పెన్న ఒడ్డున సుబ్రహ్మణ్యస్వామి గుడి, కూతవేటులో ఆంధ్ర పల్లెలు, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వానలు మొహం చాటేసి ఎందరినో వలస పంపిన పావగడ తాలూకా ఇది. అలా చెదిరిన చుట్టాలను ఒక వాట్సాప్ గ్రూపు మళ్లీ కలిపిందంటే, అది నాకు చిన్న మేలుగా తోచదు.

అయినా మనసు రచ్చకట్ట మీదికే పోతుంది. అక్కడి మాట ఎవరు విన్నారో చెప్పినవాడికి తెలిసేది. పొద్దుగూకితే సగం మాటలు గాలిలో కలిసేవి. ఫోన్‌లో పడ్డ మాటకు ఆ మరపు లేదు. వాట్సాప్ సందేశాలకు 2016 నుంచి మధ్యలో ఎవరూ చదవలేని పూర్తి తాళం ఉంది, నిజమే. కానీ ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడుతున్నారన్నది కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. అందుకున్నవాళ్లు ఇంకొకరికి పంపితే ఆ తాళమూ అడ్డుపడదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారు. ఎనభై దాటిన వయసులో ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఆయన్ను తలచుకుంటే నాకు ధైర్యం వస్తుంది.

తేరు బొమ్మ తప్పక పంపండి. పక్కింటి పాప యూనిఫాంతో, బడి పేరుతో కనిపించే బొమ్మయితే మాత్రం ముందు వాళ్లమ్మను అడగండి.