ఉత్త నీళ్ళతో సాఫ్ అయిపోతుందా?

మా నస్రుల్లాబాద్ వైపు రైతు నోట "మందు" అనే మాట ఒక్కటే, అర్థాలు మాత్రం చాలా. దుక్కిలో వేసే ఎరువూ మందే, పైన చల్లే యూరియా మందే, పురుగుకు కొట్టేదీ మందే. అందుకే "కోతకు ముందు రెండు మూడు రోజులు ఉత్త నీళ్ళు పారిస్తే మందంతా కొట్టుకుపోతది" అని ఎవరైనా అంటే, ఏ మందు అని అడిగేవాళ్ళు ఉండరు. రంజాన్‌కు ముందు మైకాకు వెళ్ళినప్పుడు నేను అడిగాను. అదీ మా తమ్ముణ్ణే.

ఛోటే వరితో పాటు అరెకరంలో పాలకూర, మెంతి, కొత్తిమీర, పుదీనా వేస్తాడు. బాన్సువాడ మార్కెట్‌కు తీసుకెళ్ళి అమ్ముతాడు. పాలకూరకు యూరియా వేశాడు, ఆకు తినే పురుగుకు మందూ కొట్టాడు. "ఆపా, తీన్ దిన్ సాదా పానీ దేతూఁ, సబ్ సాఫ్ హో జాతా" అన్నాడు, ఇందులో ఫికర్ చేయడానికేముంది అన్నట్టు.

నిజానికి కోతకు ముందు నీళ్ళ సంగతి మా ఇంట్లో కొత్తది కాదు. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఈ నేలకు మంజీరా నీళ్ళు వచ్చాయి, ఆ తర్వాత బోధన్ షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అబ్బా చెరకు పండించిన రోజుల్లో ఆయన తజుర్బా ఒకటే: కోతకు ముందు తడి ఆపాలి, ఆలస్యంగా యూరియా వేయొద్దు. అలా చేస్తేనే గడ ముదిరి తీపెక్కుతుంది. వరికీ అంతే, కోతకు ఓ పది రోజుల ముందు మడిలో నీళ్ళు తీసేస్తారు. పసుపుకూ తవ్వే ముందు తడులు ఆపుతారు. అంటే మన పెద్దలు పంట చివర్లో నీళ్ళు ఆపారు గానీ, నీళ్ళతో పంటను కడగలేదు.

ఇక ఎరువు సంగతి. యూరియాలో 46 శాతం నత్రజని. నేలలో అది మెల్లగా నైట్రేట్‌గా మారుతుంది, వేరు దాన్ని పీల్చుకుంటుంది, వాడుకోగా మిగిలింది ఆకులో దాచుకుంటుంది. ఆకుకూరల్లో, అందులోనూ పాలకూరలో, ఈ నిల్వ ఎక్కువ. యూరప్‌లో తాజా పాలకూరకు కిలోకు 3500 మిల్లీగ్రాముల నైట్రేట్ దాటొద్దని హద్దు పెట్టారు. ఆకులో చేరినదాన్ని వేరు దగ్గర పోసిన నీళ్ళు బయటికి లాగలేవు. మొక్క పైపు కాదు కదా, ఇటు పోస్తే అటు పోవడానికి. కొన్ని రోజుల ముందే యూరియా ఆపితే మొక్క తన నిల్వను తానే ఖర్చు చేసుకుంటుంది. ఎండ బాగా ఉంటే ఇంకా బాగా ఖర్చు చేస్తుంది. ఫాయిదా ఉంటే అది ఎరువు ఆపినందుకే, నీళ్ళు పారించినందుకు కాదు.

మరి ఆ నీళ్ళు ఏం చేస్తాయి? నేలలో మిగిలిన నైట్రేట్‌ను వేర్ల కిందికి, అక్కణ్ణించి బావిలోకి, బోరులోకి తోస్తాయి. తాగే నీళ్ళలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశంలో హద్దు. దాటితే ముందు ఖత్రా పాలడబ్బా తాగే పసిపిల్లలకే. అమ్మలూ, ఒక మాట గుర్తుంచుకోండి: నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ మాత్రం పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

టొరంటోలో ఉండే మా ఖాలా కొడుకుకు ఫోన్‌లో ఈ ముచ్చట చెబితే నవ్వాడు. కెనడాలో 2018 నుంచి గాంజా చట్టబద్ధం. అక్కడ పెంచేవాళ్ళ మధ్య కూడా ఇదే బహస్ అట, కోతకు ముందు రెండు వారాలు ఉత్త నీళ్ళు పోస్తే రుచి సాఫ్ అవుతుందని. అమెరికాలోని కొలరాడోలో ఒక ఎరువుల కంపెనీ పద్నాలుగు రోజులు, పది రోజులు, ఏడు రోజులు, అసలు లేకుండా చేసి పోల్చి చూసింది. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కంపెనీ అమ్మేది ఎరువులే కాబట్టి దాని మాట కాస్త జాగ్రత్తగా వినాలనుకోండి. మన దగ్గర ఆ మొక్క పెంచితే 1985 చట్టం కింద పదేళ్ళ దాకా జైలు, మత్తు మనకు హరామ్ కూడా. దాంతో మనకు పని లేదు. కానీ "నీళ్ళు అన్నీ కడిగేస్తాయి" అనే ఆశ మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకటే.

పురుగుమందు లెక్క వేరు. ఆకు పైన ఉన్నది కడిగితే కొంత పోతుంది. మొక్క లోపలికి పాకే మందులు కడిగినా పోవు, టైమ్ గడవాల్సిందే. అందుకే డబ్బాతో ఇచ్చే కాగితం మీద, కొట్టిన తర్వాత ఎన్ని రోజులకు కోయాలో రాస్తారు. ఛోటే కొట్టిన డబ్బా తెప్పించి చదివాను. వారం. అప్పటికి మూడు రోజులే అయింది, ఎల్లుండే చాంద్ రాత్. మొదటి రోజాకు ఆకుకూర రేటు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

"అందరూ ఇట్లనే అమ్ముతున్నరు ఆపా. నా ఒక్కడి పాలకూర ఆపితే దునియా మారుతదా?" అన్నాడు. అది అబద్ధమేమీ కాదు. వాడికి ట్రాక్టర్ కిరాయి బాకీ ఉంది. నిజామాబాద్‌లో జీతం మీద బతికే నేను ఈమాన్ గురించి తఖ్రీర్ ఇవ్వడం తేలిక.

అప్పుడు అమ్మీ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది: "ఘర్ కీ భాజీ కౌన్సీ క్యారీ సే లాతా రే?"

ఛోటే మాట్లాడలేదు. బావి పక్కన చిన్న మడి ఉంది. దానికి పశువుల పెంట తప్ప ఏ మందూ పడదు. మా దస్తర్‌ఖాన్ మీదికి వచ్చే కూర ఆ మడిదే. ఇది మా ఇంటి రాజ్ మాత్రమే కాదు, చాలా రైతుల ఇళ్ళల్లో ఉన్నదే. ఏది సాఫో ఏది కాదో మన చేతులకు ముందే తెలుసు.

బజారులో ధాన్యం కుప్పలో రసూలుల్లాహ్ (స) చెయ్యి పెడితే లోపల తడి తగిలిన హదీస్ మనందరం విన్నదే. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. తడిసింది పైనే ఉంచాలి కదా, కొనేవాళ్ళకు కనబడేలా అన్నారు ఆయన. కొనేవాడి కంటికి మందు కనబడదు. దాన్ని కనబడేలా పైన పెట్టలేం. కాబట్టి ఆ వారం రోజుల ఆగడమే మన చేతిలో ఉన్న అమానత్.

ఛోటే మందు కొట్టని మెంతి, పుదీనా తీసుకుని మార్కెట్‌కు వెళ్ళాడు. పాలకూర ఇంకో నాలుగు రోజులు ఆగింది. అప్పటికి రేటు దిగింది, ఆకు కొంచెం ముదిరింది కూడా. నష్టం ఎంతో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఈసారి విత్తనం వేసేటప్పుడు పండగ తారీఖు నుంచి వెనక్కి లెక్కేసి, యూరియా ఏ రోజు ఆపాలో, మందు ఏ రోజు దాటాక కొట్టకూడదో గోడ మీద క్యాలెండర్‌లో గీతలు పెట్టాడట. అమ్మీ ఫోన్‌లో చెప్పింది.