పాట కట్టినోళ్ల పేరు

పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి.

నేను నూజివీడులో డిగ్రీ చదువుతున్నా, హాస్టల్లో ఉంటా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మాది వేలేరుపాడు మండలంలో గోదావరి దగ్గర కోయ ఊరు. పోలవరం ముంపు వల్ల ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాం. 2014లో మా మండలం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడ్డప్పుడు మా అడవి ఊళ్లు, ఈ నూజివీడు, ముసునూరు మామిడి తోటలు ఒకే జిల్లాలోకి వచ్చినయ్.

చెప్పాలనుకున్నది పాటల గురించి. మే నెలాఖరులో ముసునూరు దగ్గర ఒక తోటకి పోయాను. నా రూమ్మేట్ ఎరుకల కుర్రాడు, వాళ్ల బాబాయ్ కాయ కోతల మేస్త్రి. కోతలు అయిపోయే ముందు కూలీలంతా ఒక సాయంత్రం కాపలా పాక ముందు కూర్చొని పాడుకుంటారు. అక్కడ రూలు ఒక్కటే. సినిమా పాట వద్దు, మనోళ్లు కట్టిన పాటే పాడాలి. మైకు లేదు. ఒక డప్పు, ఒక జత తాళాలు, మా సీనియర్ అన్న తెచ్చిన గిటారు, ఒక చార్జింగ్ లైటు. అంతా కలిపి పాతిక మందిమి.

ముందు మేస్త్రి పాడాడు. చిక్కం కర్ర పట్టుకొని రోజంతా పైకి చూస్తే మెడ ఎట్లా పట్టేస్తదో, సొన పడి చెయ్యి ఎట్లా కాలుద్దో అంతా పాటలో పెట్టాడు. చేతి మీద ఆ మచ్చ ఏందని పెళ్లాం అడిగితే మామిడి ముద్దు పెట్టిందని చెప్పాడంట! అందరం పడీపడీ నవ్వాం.

తర్వాత కాయలు ఏరే ఒక అక్క పాడింది. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ అన్నీ వరసగా వచ్చినయ్. కలెక్టర్లను రోజుకు వెయ్యి మందిని ఎత్తి ట్రేలో పెడతాను గానీ, మా వీధికి వచ్చిన కలెక్టరుని ఒక్కరినీ చూడలేదని ఆ పాట. మధ్యలో మాట మర్చిపోయి ఆగి, పక్కనున్న కూతుర్ని అడిగి మళ్లీ అందుకుంది. ఎవరూ కదల్లేదు. మైకు లేదు కాబట్టి అందరూ దగ్గరికి జరిగి వింటున్నారు. పాడేవాళ్ల ఊపిరి కూడా వినపడుతోంది.

నా వంతు వచ్చింది. నాకు పాట కట్టడం రాదు. మా అమ్మమ్మ కట్టిన పాట ఒకటి కోయలోనే పాడాను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది కదా, మా ఇల్లు ఆ నీళ్లలోనే పోయింది. కాలనీకి వచ్చాక, భూమి పండక్కి ఆడోళ్లు పాడే రేల బాణీలో అమ్మమ్మ ఈ పాట కట్టింది. ఊరి వాగు, వాగు పక్క రెండు ఇప్ప చెట్లు, విత్తనాలు పెట్టి మొక్కే చింత చెట్టు, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచి పోయొస్తానని చెప్తది. మా చెల్లికి ఆ వాగు పేరు ఈ పాటలోనే తెలుసు. మా ఊరికి మాకు మిగిలిన మ్యాపు అదొక్కటే.

పాట అయ్యాక మేస్త్రి అడిగాడు, "ఎవరు రాశారు అబ్బాయ్?"

"మా అమ్మమ్మ, బాబాయ్. ఆమెకి రాయడం రాదు. కట్టింది."

"అయితే పాడేముందు ఆమె పేరు చెప్పు. నా పాటైనా అంతే, ఇంకోడు పాడితే నా పేరు చెప్పాలి."

జానపదం అంటే కర్త ఎవరో తెలియని పాట అని క్లాసులో రాసుకున్నాం. తాతల నాటి పాటలకి అది నిజమే. కానీ మా అమ్మమ్మకి పేరుంది, ఊరుంది, రేషన్ కార్డుంది. పేరు తెలియకపోవడం వేరు, ఎవరూ అడగకపోవడం వేరు.

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి వంగపండు ప్రసాదరావు గారు పల్లె బాణీల్లోనే కట్టి, గజ్జె కట్టి పాడారు. 2020 ఆగస్టులో ఆయన పోయినా పేరు నిలబడింది. గోరటి వెంకన్న గారికి "వల్లంకి తాళం" పుస్తకానికి 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కట్టి పాడేవాళ్లు కవులేనని లోకం ఒప్పుకుంటది, పేరు తెలిస్తే.

మన కోయోళ్లలో మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారు డోలి కథలు పాడేవారు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్ద రాజు కథ ఆయన నోట్లో ఉండేవి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 జూన్‌లో ఆయన చనిపోయారు. ఒక్క మనిషి పోతే ఎంత పోతదో తలుచుకుంటే భయమేస్తది. మా అమ్మమ్మకి డెబ్బై దాటింది. ఇప్పుడు ఆ పాట పాడితే ఊపిరి అందక రెండు చరణాలు వదిలేస్తోంది. అవి నాకు పూర్తిగా రావు.

అందుకే అడుగుతున్నా. దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక్క పాట తెచ్చుకోండి. ఎవరు కట్టారు, ఏ ఊరు, ఎప్పుడు, ఏ బాణీ, ఈ నాలుగూ రాయండి. మన భాష మాటలు తెలుగు లిపిలో రాసి, కింద అర్థం పెట్టండి. ఫోన్లో రికార్డు చేసేముందు అడగండి. పూజ పాటలు బయటికి వద్దని పెద్దలు అంటే వదిలేయండి. రీల్ పెడితే పైన మీ పేరు కంటే ముందు కట్టినోళ్ల పేరు పెట్టండి.

మా అమ్మమ్మ పేరు ఆ రాత్రి తోటలో చెప్పాను. ఇక్కడ రాయొచ్చా అని ఆమెని ఇంకా అడగలేదు. అడిగి, ఆ రెండు చరణాలు నేర్చుకొని వస్తా. సెలవులయ్యాక మా హాస్టల్ మేడ మీద మనం కూడా మైకు లేకుండా ఒక సాయంత్రం కూర్చుందాం. కోయ, ఎరుకల, యానాది, లంబాడీ, ఏ భాషైనా సరే. పేరుతో రండి.

జోహార్.