డెట్రాయిటు నగరము: వాయిదాల కారు, సొంత కారు

అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రములో, కెనడా సరిహద్దుగా ప్రవహించు నదియొడ్డున డెట్రాయిటు నగరమున్నది. ఆ దేశపు మోటారుకార్ల పరిశ్రమకు ఇది పుట్టినిల్లు. నదీతీరమున మొదలై వాయవ్యదిశగా పాంటియాక్ పట్టణము వరకు సాగు వుడ్‌వర్డ్ వీథి యీ నగరమునకు వెన్నెముక వంటిది. అప్పుచేసి క్రొత్త కారు కొనుట మేలా, పాతదైనను ఋణము లేని కారు మేలా యని నేడు ప్రతి కుటుంబమును తర్కించుకొనుచున్నది గదా. సోదరీమణులారా, ఆ తర్కము పుట్టి పెరిగిన చోట్లు పెక్కు ఈ వీథి వెంటనే యున్నవి.

నదినుండి సుమారు మూడు మైళ్ళు పోయిన పిమ్మట, కుడివైపున పికెట్ వీథిలో మూడంతస్తుల ఇటుకల కట్టడము కన్పట్టును. 1904లో కట్టిన యీ కర్మాగారములోనే హెన్రీ ఫోర్డు, ఆయన సహచరులు ‘మోడల్ టి’ కారును రూపొందించి 1908లో విపణికి తెచ్చిరి. ఇప్పుడిది ప్రదర్శనశాల. తొలినాటి వెల 850 డాలర్లు. ఫోర్డు 1910లో వుడ్‌వర్డ్ వీథి వెంటనే మరికొంత ఉత్తరమున హైలండు పార్కులో పెద్ద కర్మాగారమును నెలకొల్పి, 1913లో కదలెడు వరుసపై కార్లను కూర్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. అందుచే వెల యేటేట తగ్గి, 1925 నాటికి రెండు సీట్ల కారు 260 డాలర్లకు లభించెను. సామాన్యుడు రొక్కమిచ్చి కొనగల కారును చేయవలెననుటయే ఆయన సంకల్పము.

పికెట్ వీథి దాటిన కొలదిసేపటికే యెడమవైపున పదునైదంతస్తుల మహాభవనము గోచరించును. ఒకప్పుడిది జనరల్ మోటార్సు వారి ప్రధాన కార్యాలయము. వీరి మార్గము వేఱు. 1919లో వీరు కారు కొనువారికి అప్పిచ్చుటకై ప్రత్యేక సంస్థను స్థాపించిరి. కొంత సొమ్ము ముందుగా చెల్లించినచో కారు నాడే యింటికి వచ్చును. మిగిలినది నెలనెల వాయిదాలు. దానికి తోడు ఏటేట క్రొత్త రూపులు, క్రొత్త రంగులు. నిరుటి కారు ఈ యేటికి పాతదిగా కన్పట్టుటయే యీ వ్యాపారమునకు ప్రాణము.

ఫోర్డునకు అప్పు గిట్టదు. ఆయన 1923లో ఎదురుపథక మొకటి పెట్టెను. కొనదలచినవారు 5 డాలర్లతో పేరు నమోదు చేసికొని, వారము వారము బ్యాంకులో సొమ్ము చేర్చుకొనవలెను. వెల యంతయు పూర్తియైన నాడు కారు చేతికి వచ్చును. వినుటకు ఇది బహు వివేకముగా నున్నది. కాని జనులు దానిని ఆదరింపలేదు. వీథికి ఆవలివైపున వెంటనే కారు దొరకుచుండగా, చేత ఏమియు లేక నెలల తరబడి యెవరు వేచియుందురు? 1927లో మోడల్ టి నిలిచిపోయెను. 1928లో ఫోర్డు సంస్థయే అప్పిచ్చు శాఖను తెఱచెను. ఆ పోటీలో గెలిచిన వాయిదా నేడు ప్రపంచమంతటను వ్యాపించినది.

వాయిదా సౌకర్యమునకు వెల గలదు. 30,000 డాలర్ల కారును నూటికి 6 వంతున ఆఱు సంవత్సరముల అప్పుపై కొన్నచో, నెలకు సుమారు 497 డాలర్లు చెల్లింపవలెను. కడపటికి వడ్డీయే 5,800 డాలర్లకు చేరువగును. నాలుగేండ్లలో తీర్చినచో నెలకు 705 డాలర్లగును గాని, వడ్డీ 3,800కు దిగును. నెలకు కట్టునది తక్కువయని సంతసించువారు ఈ లెక్కను చూడవలెను. క్రొత్త కారు వెల తొలి సంవత్సరములలోనే వేగముగా పడిపోవును గనుక, అమ్మబోయిన నాడు కారు వెలకంటె మిగిలిన అప్పే యెక్కువ యుండుటయు కలదు.

అట్లని పాతకారునే పొగడుట న్యాయము గాదు. ఈ నగరము క్రింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పుగని యున్నది. చలికాలమున మంచు కరగుటకు వీథులలో ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కారు అడుగుభాగమును తినివేయును. పైకి నిగనిగలాడు కారు క్రింద తుప్పుపట్టి యుండవచ్చును. జారుబాటును అదుపుచేయు సాధనము అమెరికాలో 2012 నమూనా కార్లనుండి తప్పనిసరియైనది. అంతకు పూర్వపు కార్లన్నింటను అది యుండదు. బిడ్డలతో మంచులో ప్రయాణించు తల్లికి ఇది స్వల్పవిషయము గాదు.

నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్ మొదలగు శివారులలో తెలుగు కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. అచట కారు లేనిదే బడియు లేదు, అంగడియు లేదు. క్రొత్తగా వచ్చినవారికి అప్పు తీర్చిన చరిత్ర లేనందున వడ్డీ హెచ్చుగా పడుటయు కద్దు. అట్టివారు నమ్మకమైన మెకానిక్కుచేత పరీక్షింపజేసి, స్థిరత్వసాధనము గల పాతకారును రొక్కమునకు కొనుట యుక్తము.

1995 నుండి ఆగస్టు మాసమున వుడ్‌వర్డ్ వీథిలో పాతకార్ల ఊరేగింపు జరుగుచున్నది. దశాబ్దముల నాటి బండ్లు మిలమిలలాడుచు సాగును. అవి యజమానులు చేతులార కాపాడుకొన్నవి. కాపుదల లేని పాతకారు అట్లు నిలువదు.

ఫోర్డు పథకము ఓడినది వేచియుండువారికి కారు లేకపోవుటచేతనే. ఋణములేని పాతకారు గలవారికి ఆ కొఱత లేదు. వారు ప్రయాణించుచునే కూడబెట్టగలరు. నెలకు 300 డాలర్లు వేఱుగా దాచినచో, అయిదేండ్లకు 18,000 అగును. మరమ్మతులకు 5,000 పోయినను 13,000 చేతనుండును. గృహిణి ఆ సొమ్మును తనకు తాను చెల్లించుకొను వాయిదాగా నెంచి, జీతము వచ్చిన దినముననే తీసి దాచవలెను. అప్పు తప్పనిసరియైనచో, నెలవాయిదాను గాక మొత్తము వెలను అడిగి తెలిసికొని, తక్కువ కాలమునకే వ్రాయించుకొనవలెను.